మామయ్య విన్న ఇంజిన్

జూన్ 3

కారు వచ్చింది! బూడిద రంగు. వెనక సీటు మడిస్తే ఎనిమిది అడుగుల కర్టెన్ రాడ్లు కూడా పడుతున్నాయి. ఇక రాడ్లతో బస్సెక్కి జనం చేత తిట్లు తినక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో చూసి కొన్నాం. ఒకే ఓనరు, తక్కువ తిరిగింది, ఇంజిన్ సైలెంట్ అని అమ్మేవాడు రాశాడు. కార్ల గురించి నాకు ఓనమాలు కూడా రావు. కానీ మా మామయ్య ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో మెకానిక్. స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏది పోయిందో చెప్పేవారట. అమ్మేవాడు పంపిన వీడియోని చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, బంగారం లాంటి ఇంజిన్, కొనెయ్యమ్మా అన్నారు. కొనేశాను. మూడేళ్ళు కర్టెన్లు కుట్టి దాచిన డబ్బంతా ఆ కారులోనే ఉంది.

జూన్ 5

టకటక అంటోంది.

జూన్ 6

మెకానిక్ బానెట్ ఎత్తకముందే మొహం చిట్లించాడు. బేరింగులు అరిగిపోయాయట. మీటరు వెనక్కి తిప్పారట. ఈ చప్పుడు ఇవాళ్టిది కాదు మేడమ్, చెవులున్నవాడెవడైనా దీన్ని కొంటాడా అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. మా మామయ్య నీకు పని నేర్పగలరు అని గట్టిగానే అనేసి వచ్చాను.

ఇంటికొచ్చి ఆ వీడియో పెట్టాను. మొదటి సెకండ్ నుంచీ టకటక.

జూన్ 6, సాయంత్రం

మామయ్య వెనక నిలబడి పిలిచాను. పేపర్లో పేజీ తిప్పారు. ఇంకాస్త గట్టిగా పిలిచాను. పేపరే. ముందుకెళ్తే నవ్వి, ఏమ్మా, కారెలా ఉంది అన్నారు. బావుంది మామయ్యా అన్నాను.

ఫోనొస్తే నా చేతికివ్వడం, నేను మాట్లాడుతుంటే నా మొహంలోకే చూడడం. కోడలంటే ముద్దని మురిసిపోయానే! నా పెదాలు చదువుతున్నారు. మోసగాడు ఆ అమ్మినవాడొక్కడే అనుకున్నాను. (ముద్దు కూడా నిజమేలే.)

జూన్ 8

వారం లోపు కారు వెనక్కి ఇవ్వొచ్చు. కానీ అమ్మినవాడు సైట్ వాళ్ళకి చెప్పేశాడు, వీడియో పంపాను, వాళ్ళింటి మెకానిక్కే విని సరేనన్నాడని. అలాగైతే తీసుకోరట, మీటరు తిప్పారనడానికి రుజువూ లేదట. విన్న మనిషికి వినపడదని ఫారం మీద రాసిస్తే అది వేరే సంగతట.

నాన్ననే అడిగేద్దాం అన్నారు మా ఆయన. అడిగారంటే ఊరుకోను అన్నాను. డిపో వాళ్ళు ఇప్పటికీ ఆయన్ని ఇంజిన్ చెవి అనే పిలుస్తారు. రిటైరయ్యాక మిగిలింది ఆ పేరొక్కటే. దాన్ని నా చేత్తో ఫారం మీద ఎలా కొట్టేస్తాను?

జూన్ 9

రాయలేదు.

జూన్ 10, పదకొండు గంటలు

గడువు ఇవాళ్టితో సరి. సైట్ నుంచి ఓ అమ్మాయి ఫోన్ చేసింది. మేమే సరిగ్గా వినలేదండీ, కారు ఉంచేసుకుంటాం అన్నాను. మామయ్య నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు. చదివేస్తారన్న సంగతే మర్చిపోయాను.

లేచొచ్చి ఫోన్ లాక్కున్నారు. అమ్మా, విన్నది నేను, నాకు రెండేళ్ళుగా వినపడదు, మా కోడలికి చెప్పలేదు, ఆ పిల్ల తప్పేం లేదు అన్నారు. ఆగి, ఇప్పుడు నువ్వేం చెప్పినా నాకు వినపడదు కాబట్టి ఫోన్ ఆ పిల్లకే ఇస్తున్నా అన్నారు. ఇచ్చేసి వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి డాక్టర్ కాయితం ఒకటి పంపండి, నేను చూసుకుంటాను అంది.

మామయ్య సింక్ వైపు తిరిగి నిలబడ్డారు. పక్కకెళ్ళి, ఎందుకు చెప్పలేదని అడిగాను. చెవి పోయిన మెకానిక్ ఎవరిక్కావాలమ్మా అన్నారు.

నాక్కావాలి అని అరిచాను. అరవక్కర్లేదని తెలిసీ అరిచాను. ఏడ్చాను కూడా. రేపే చెవి డాక్టర్ దగ్గరికి.

జూన్ 21

ఇవాళ కారు తీసుకుపోతారు. పొద్దున్నే స్టార్ట్ చెయ్యమన్నారు మామయ్య. చెవిలో కొత్త మిషన్. బానెట్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఎంత చక్కగా వినపడుతోందమ్మా దీని రోగం, అన్నారు.

ట్రక్కు వచ్చి హారన్ కొట్టినా ఇంజిన్ ఆపనివ్వలేదు.