పై పోర్షన్ గడియ

లాల్‌దర్వాజా

సుజన నాయనకు, సక్కుబాయి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, సుజన, రెండు బర్రెలు బాగానే ఉన్నాం. మీరక్కడ వేళకు తింటున్నారని అనుకుంటున్నాను. ఫోను లోపలికి రానివ్వని చోట మీకు డ్యూటీ పడడమే మంచిదైంది. ఇదంతా నోటితో చెప్పడం నా వల్ల కాదు.

పోయిన ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. మొదటిసారి ఇల్లు కిరాయికి ఇస్తున్నామని వెళ్ళేముందు మీరు చెప్పిన పనులు చేయించాను. ట్యాంకు కడిగించాను, పై పోర్షన్‌లో స్విచ్చులు మార్పించాను, స్లాబు కారే చోట సిమెంటు పూయించాను. మోటారు బాగానే నడుస్తోంది. మెట్లకు రెయిలింగ్ పెట్టించావా అని అడిగారు. దాని సంగతి చివర్న రాస్తాను.

కిరాయికి దిగిన బాలరాజ్, అతని భార్య వీణ మీరు చూసి ఒప్పుకున్నవాళ్ళే. అతను అఫ్జల్‌గంజ్‌లో దుకాణంలో పనిచేస్తాడు, నన్ను నోరారా అక్కా అంటాడు. వచ్చిన కొత్తలోనే వీణ కిందికి దిగి, "అక్కా, బాత్రూం గడియ ఊడింది, జర పెట్టియ్యవా" అంది. వడ్లపని చేసే ఇశ్రాయేలును పిలిచి పెట్టించాను. మళ్ళీ ఊడింది, మళ్ళీ పెట్టించాను. ఇంకోసారి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. "తలుపు ఏసుకునుడు గూడ రాదా నీకు? కొత్తగ బాగుజేయించిన ఇల్లు" అని మెట్ల మీదే నిలబెట్టి తిట్టాను. ఆ పిల్ల కొంగు చెవి మీదికి లాక్కుని పైకి వెళ్ళిపోయింది.

సాయంత్రం బాలరాజే వచ్చాడు, నవ్వుకుంటూ. "దానికి గడియ వద్దక్కా. ఇంట్ల ఉండేది ఇద్దరం. ఎవరికి భయపడి ఏస్కుంటది?" అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మర్నాడు అతను పనికి పోయాక పైకి వెళ్ళి చూశాను. బాత్రూం తలుపు కింది చెక్క తన్నులకు పగిలి ఉంది. పక్క గోడ మీద ఎండిన నెత్తురు, దానికి అంటుకుని తలవెంట్రుకలు. వీణ కొంగు నేనే తొలగించాను. చెవి తమ్మె తెగి వేలాడుతోంది. "ఆ తలుపెనక ఉన్నంతసేపే దెబ్బలు తప్పుతయక్కా" అంది. స్టేషనుకు పోదామంటే నా కాళ్ళు పట్టుకుంది. ఈ పిల్లనా తలుపు కోసం తిట్టానని సిగ్గుతో చచ్చిపోయాను.

మన పాత కొట్టం తలుపుకున్న ఇనుప గడియ తీయించి ఆ బాత్రూంకు పెట్టమన్నాను. "గిది బర్రెల కొట్టానిది గదా, బాత్రూంల ఎవల్ని కట్టేస్తవక్కా?" అన్నాడు ఇశ్రాయేలు. నోరు మూసుకుని పెట్టమన్నాను.

ఆదివారం మధ్యాహ్నం నేను పాల క్యాన్లు కడుగుతుంటే పైన ఇల్లు అదిరింది. పరుగెత్తి వెళ్ళాను. బాలరాజ్ ఖాళీ గ్యాస్ సిలిండర్ ఎత్తి బాత్రూం తలుపుకేసి బాదుతున్నాడు. గడియ ఆగింది గానీ తలుపు బందులు ఊడివస్తున్నాయి. లోపల వీణ అరవడం కూడా మానేసింది. వెనక నుంచి అతని చొక్కా పట్టి లాగాను. "తలుపు పైసలు నేనిస్త. నువ్వు కిందికి పో" అంటూ నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. పన్ను విరిగి నోరంతా నెత్తురైంది. "నిన్ను గూడ దాని లెక్కనే జేస్త" అని మెట్ల దాకా ఈడ్చాడు.

మెట్ల మీది నుంచి వాకిట్లో బండల మీద పడ్డాడు బాలరాజ్. తల పగిలింది, తుంటి విరిగింది. బర్రెలు బెదిరి తాళ్ళు తెంపుకున్నాయి. పోలీసులు అడిగితే, రెయిలింగ్ లేక జారిపడ్డాడని చెప్పాను. అలాగే రాసుకున్నారు. బస్తీలో అందరూ నన్నే అంటున్నారు. "రెయిలింగ్ లేకుండ కిరాయికెట్ల ఇచ్చినవ్ సక్కుబాయి?" అని పక్కింటి ఎల్లమ్మ మొహం మీదే అడిగింది.

మీకు మాత్రం అబద్ధం రాయలేను. అతను జారలేదు. రెండు చేతులూ అతని రొమ్ము మీద పెట్టి తోశాను. రెయిలింగ్ లేదని తెలిసే తోశాను. తప్పనిపించడం లేదు, భయం మాత్రం ఉంది.

వీణకు తెలుసు. "లోపట్నుంచి ఇన్న అక్కా. ఆయన జారలె. గని నువ్వు చెప్పకు, ఆగమైతవ్" అంది.

నేనూ చెప్పొద్దనే అనుకున్నాను. కానీ నిన్న ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, నయం కాగానే ఇక్కడికే వస్తాడట. అగ్రిమెంటు అతని పేరు మీదే ఉంది. జారిపడ్డ మనిషిని రావద్దని ఎవరంటారు? అతను ఏం చేస్తూ మెట్ల దాకా వచ్చాడో చెప్పాలంటే, నేను తోసిన సంగతీ చెప్పాలి. రేపు పొద్దున పాలు పోసి స్టేషనుకు వెళ్తున్నాను. వీణ తానూ వస్తానంది. నన్ను లోపల ఉంచితే సుజనను ఎల్లమ్మ చూసుకుంటుంది. పెద్ద బర్రె మాత్రం కొత్త చేతికి చేపదు, పాలివ్వదు, మీరు సెలవు పెట్టి రండి.

రెయిలింగ్ ఇంకా పెట్టించలేదు. వెల్డింగ్ అతను కొలతలు తీసుకుని వెళ్ళాడు.

ఇది రాస్తుండగానే వీణ స్నానానికి వెళ్ళింది. పైన ఆ పిల్ల తప్ప ఎవరూ లేరు. అయినా ఇనుప గడియ వేసుకున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది.

ఇట్లు,
సుజన తల్లి,
మీ సక్కుబాయి