ఒక్కసారి లాగితే ఊడే కోటు

ల్యాబు మేడమ్ గారికి,

మీ ఎదురు మేడ మీది దర్జీని. కుట్టుమిషను ఆపి మరీ రాస్తున్నాను.

పన్నెండు తెల్ల కోట్లు కుట్టమన్నారు, సంతోషం. కానీ గుండీల బదులు టిచ్ బటన్లు పెట్టమనీ, ఒక్కసారి లాగితే అన్నీ ఊడిపోవాలనీ రాశారేమిటండీ? ముప్పై ఏళ్ళలో నేను కుట్టిన గుండీ ఊడిందని ఒక్కడూ నా గుమ్మం ఎక్కలేదు. చొక్కా పీలికలైపోయినా గుండీ మాత్రం దాని చోట అది ఉంటుంది. ఊడిపోయే బట్ట కుడితే ఈ వీధిలో నా పరువేం కాను?

మీ విధేయుడు,
దర్జీ

తా.క.: మా కిటికీలోంచి మీ గది కనిపిస్తుంది. ప్రతి సోమవారం ఎవరో గొలుసు లాగుతారు, పైనుంచి నీళ్ళు ధారగా పడతాయి, కింద ఎవరూ స్నానం చేయరు. ఎందుకని? మా ఆవిడ అడగమంది. నాకైతే అంత ఆరాటం లేదు.

---

దర్జీగారికి నమస్కారం.

మా దగ్గర ఆసిడ్ మీద పడితే కోటు క్షణంలో వదిలించుకోవాలి. ఒక్కో గుండీ విప్పుతూ కూర్చుంటే ఈలోగా ఒళ్ళు కాలిపోతుంది. గుడ్డ కూడా నూలుదే వాడండి. నైలాను అయితే మంటకి కరిగి ఒంటికి అంటుకుంటుంది. మీ పరువు సంగతి నాకు తెలియదు గానీ, ఇది పన్నెండు మంది చర్మం సంగతి.

ఇట్లు,
ల్యాబు బాధ్యురాలు

తా.క.: ఆ నీళ్ళు ప్రమాదం జరిగితే కింద నిలబడి తడవడానికి. తీరా అవసరం పడ్డ రోజున తుప్పునీళ్ళు రాకుండా వారం వారం వదిలి చూస్తాం. మీ ఆవిడకి చెప్పండి.

---

మేడమ్ గారికి,

కోట్లు పంపాను. నూలు గుడ్డ, టిచ్ బటన్లు, అన్నీ మీరన్నట్టే. ఒక్కచోట మాత్రం నా తృప్తి కోసం కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టాను. అదేమిటో చెప్పను.

మీ మేలు కోరే,
దర్జీ

తా.క.: మీ వాళ్ళు సీసా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకోకుండా, చేత్తో గాలిని తమవైపు విసురుకుంటారు. సీసాని అంతలా బతిమాలడం ఎందుకండీ?

---

దర్జీగారూ,

ఈ ఉదయం ప్రమాదం జరిగినట్టు నటించి, కొత్త కోట్లు పరీక్షించాం. పదకొండు మంది లాగారు, కోట్లు ఊడాయి. నాది ఊడలేదు! నీళ్ళ కింద నిలబడి గుంజుకుంటూనే ఉన్నాను. చివరికి కత్తెర పెట్టి కోస్తే తెలిసింది, లోపల నడుం దగ్గర మీరో గుండీ దాచి కుట్టారని. అదే నిజంగా ఆసిడ్ అయితే? నాకు ఒళ్ళు మండిపోతోంది, అదృష్టం కొద్దీ కోపంతోనే. శుక్రవారంలోగా సరిచేయకపోతే పన్నెండూ వెనక్కి పంపేస్తాను.

ల్యాబు బాధ్యురాలు

తా.క.: సీసాలో ఏముందో ఏమో! ముక్కు ఆనించి పీలిస్తే ముక్కూ ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి. కాస్త గాలి విసురుకుంటే చాలు.

మళ్ళీ తా.క.: అంతసేపూ మీరు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. నేను చూశాను.

---

అమ్మా,

చూశాను. మీరు కత్తెర కోసం కేకేసినప్పుడు నా గుండె ఆగినంత పనైంది.

ఆ గుండీ మీ ఒక్కరి కోటుకే కుట్టాను. ఏడాదిగా చూస్తున్నాను కదా, భయంకరమైన సీసా ఏదొచ్చినా ముందు మీరే పట్టుకుంటారు. అందరూ వెళ్ళాక కుళాయిలూ గ్యాసూ కట్టేసి ఉన్నాయో లేదో మీరే చూసుకుంటారు. కోటంటే కవచం అనుకున్నానమ్మా. ఎవరిది ఊడినా మీది మాత్రం ఊడకూడదనుకున్నాను. మేలు చేయబోయి మీ మీదికే తెచ్చాను. క్షమించండి.

సరిచేసిన కోటు పంపుతున్నాను. నేనే తొడుక్కుని పరీక్షించాను. మా ఆవిడ బిందెడు నీళ్ళు గుమ్మరించింది, నేను లాగాను, రెండు క్షణాల్లో ఊడింది. ఆవిడకి నమ్మకం కుదరలేదట, తొమ్మిది బిందెలు గుమ్మరించింది.

సిగ్గుపడుతూ,
మీ దర్జీ

తా.క.: ఇస్త్రీపెట్టెతో పని కదా అని నా చొక్కాకీ టిచ్ బటన్లే పెట్టుకున్నాను. నిన్న కూర గిన్నె దగ్గర మీవాళ్ళలాగే చేత్తో గాలి విసురుకుని వాసన చూశాను. "ఏం, నా వంట విషంలా ఉందా?" అంటూ మా ఆవిడ చొక్కా పట్టుకుంది. ఒక్కసారి లాగాను. చొక్కా ఆవిడ చేతిలో, నేను వీధిలో! మీ పద్ధతి నిజంగానే ప్రాణం కాపాడుతుందమ్మా.