తుఫానుకీ తమ్ముడికీ ఒకటే పేరు

చరిత్ర కోశం ఆఫీసులో పేర్ల గుమాస్తా గారికి,

మెయిన్ రోడ్డు వెనక సందులో బట్టలు కుట్టే అక్క నమస్కారాలు.

అయ్యా, ఒకే పేరున్న రాజుల్నీ, ఊళ్ళనీ, యుద్ధాల్నీ ఒక్క పేజీలో పెట్టి మీరు వేసిన పుస్తకం మా మేనకోడలి బళ్ళో కొన్నారు. మా తమ్ముడి పేరున్న పేజీ చూసి నా కళ్ళు తిరిగాయి. "ఇతను పడవ నడిపేవాడు. తెల్లవారుజామున తీరం దాటి, ఇళ్ళు కూల్చి, ఎంతోమందిని పొట్టన పెట్టుకున్నాడు" అని రాశారు. తీరం దాటింది తుఫానండీ! దానికెవడో మావాడి పేరే పెట్టి చచ్చాడు. మావాడు ఇళ్ళ కప్పులమీదున్న జనాన్ని పడవలో ఒడ్డుకి చేరుస్తూ చేరుస్తూ తనే పోయాడు. "నాన్నేనా అత్తా, వాళ్ళందర్నీ చంపింది?" అంటోంది పిల్ల. ఏం చెప్పమంటారు? దిద్దండి.

ఇట్లు,
పడవవాడి అక్క

తా.క.: తుఫాను బొమ్మ ఉండాల్సిన చోట మావాడి ఫొటో వేశారు. కింద "ప్రస్తుతం బలహీనపడింది" అని ఉంది.

---

గౌరవనీయులైన అక్కగారికి,

చింతిస్తున్నాం. పేపరు కత్తిరింపుల్ని ఇంటిపేరు వదిలేసి అసలు పేరు చూసి కట్ట కట్టడం, కట్టకో పేరా రాయడం మా పద్ధతి. ఇంటిపేర్లు చూస్తూ కూర్చుంటే పని తెమలదు. అయినా మీ మాట కాదనలేక తమ్ముడుగార్ని తుఫానులోంచి తీసి, అదే పేరుగల మహారాజు కట్టలో పెట్టాం. కొత్త పేజీ జతచేశాం. సంతోషమే కదా?

విధేయుడు,
పేర్ల గుమాస్తా

తా.క.: ఆయన దండయాత్రల వివరాలు మీ దగ్గరుంటే పంపగలరు.

---

గుమాస్తా బాబూ,

నా సంతోషం మండినట్టే ఉంది. ఇప్పుడు మావాడు పొరుగు రాజ్యం తగలబెట్టి, ఏడుగురిని పెళ్ళాడి, పడవలో పారిపోయాడు. మా మరదలు ఏడుపు ఆపి మరీ, "మిగతా ఆరుగురూ ఎక్కడుంటారు వదినా?" అని అడిగింది.

అమ్మ పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచింది నేనయ్యా. వాడికి పేజీలొద్దు, కిరీటాలొద్దు. "జనాన్ని ఒడ్డున దించి తను పోయాడు" అని ఒక్క వాక్యం రాయి. పిల్ల దాన్ని బళ్ళో తలెత్తుకుని చదవాలి. నీకు తోబుట్టువులు లేరా?

ఇట్లు,
ఓపిక అయిపోయిన అక్క

తా.క.: ఫొటోలో మావాడి చేతిలో తెడ్డు అలాగే ఉంచి, కింద "రాజదండం" అని రాసిన మహానుభావుడెవరు?

---

గౌరవనీయులైన అక్కగారికి,

నాకూ ఒక చెల్లెలుంది. మీరడిగిన వాక్యం మీ మాటల్లోనే రాశాను. మా పెద్దాయన సంతకం కూడా అయింది. ఇక అచ్చుకి పంపుదామనేసరికి వాతావరణ శాఖ వాళ్ళ ఉత్తర్వు వచ్చింది. ఆ తుఫాను అంతమందిని బలి తీసుకుంది కాబట్టి, పోయినవాళ్ళ మీద గౌరవంతో ఆ పేరు ఇక ఏ తుఫానుకీ పెట్టరట. "అయితే మనమూ గౌరవం చూపిద్దాం, ఆ పేరు ఎక్కడా కనబడకూడదు" అని మా పెద్దాయన పేజీ మొత్తం తీయించేశారు. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. రాజుగారికి బిరుదులున్నాయి కాబట్టి వాటితో వేరే పేజీలో సర్దుకున్నారు. తమ్ముడుగారికి పేరు తప్ప ఏమీ లేదాయె.

తుఫానులో పోయినవాళ్ళందరి పేర్లూ మాత్రం చివరి పేజీలో వేస్తున్నాం. మీ తమ్ముడుగారి పేరు రావాల్సిన చోట ఒక గీత పెట్టాం.

విధేయుడు,
పేర్ల గుమాస్తా

తా.క.: ఆ గీత వాళ్ళ నాన్నదేనని అమ్మాయికి చెప్పండి.