లారీ కేబిన్‌లోంచి ఇంగ్లీషు పాఠం

బావా,

నువ్వు పోయి ఇయ్యాలకి ఏడాది. సాలూరు లారీ ఆఫీసులో నాకు పనిచ్చినారు. పొద్దున్న ఓనరు ఒక కాగితం సూపించి, "ఎన్‌ఓసీ అంటే ఏటమ్మా?" అన్నాడు. నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ అని టక్కున సెప్పీసినాను.

నువ్వు లారీ ఆపుకోని, సెల్లులో రికార్డు సేసి పంపిన పాఠమే గదా అది! పొట్టి మాట నువ్వు సెప్తావు. పూర్తి మాట నాను సెప్పడానికి కాసేపు ఆగుతావు. అప్పుడు "కరెక్ట్" అంటావు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ రికార్డు మళ్లీ పెట్టినాను. "ఎన్‌ఓసీ అంటే?" అన్నావు. ఆగినావు. వెనకాల వాన సప్పుడు, నీ ఊపిరి. నాను పలకలేదు. పలక్కపోతే నాకోసం అలాగే ఆగుంటావేమోనని.

"కరెక్టేనే, ఒసే!" అనీసినావు.