కంట్లో పడకూడదన్న వెలుగు

జర్మనీ

నాయనకు, అమ్మకు నమస్కారాలు.

నేను బాగున్నాను. మీరంతా ఎలా ఉన్నారు? బీడీలు చుట్టి చుట్టి పట్టేసిన అమ్మ నడుముకు నొప్పి తగ్గిందా? ఇక్కడ మంచు ఆగడం లేదు. నాయనా, నువ్వు నేసిన చద్దరే కప్పుకుంటున్నాను. ల్యాబులో తోటివాళ్లు మంచివాళ్లు, మాట కలపడం నాకే రాదు. అమ్మ పంపిన పల్లీల శేంగా చట్నీతో రొట్టె తింటున్నాను. దిగులు పడకండి.

అక్క ఉత్తరం అందింది. నాయనా, కంటి డాక్టరు లేజర్ అనగానే నువ్వు కుర్చీలోంచి లేచావట. "మా చిన్నబిడ్డ గా లైటు కాడనే పనిచేస్తది. కంట్ల పడితే చూపు పోతదని ఆమెనే రాసింది. నువ్వు గదే నా కంట్ల కొడ్తనంటవేంది?" అని వచ్చేశావట. మన భవాని పేట్ వాడలో అందరూ నవ్వుకున్నారట. నాకు నవ్వు రాలేదు.

నేను రాసింది అబద్ధం కాదు నాయనా. కానీ సగమే రాశాను.

గాలి తీసేసిన పెట్టెలో పరమాణువులను అన్ని వైపుల నుంచి లేజర్ వెలుగుతో నెట్టి నెమ్మది చేస్తాం. కదలిక తగ్గడమే చల్లబడటం. అప్పుడు ఇంకో లేజర్ వేస్తే రెండు పరమాణువులు కలిసి ఒక అణువవుతాయి. ఆ వెలుగు రంగు వెంట్రుకవాసి తప్పినా కలవవు. రెండు కట్టల నూలు రంగులో నీ కన్ను పట్టే తేడా కన్నా చిన్నది అది. కలిసినవీ చాలావరకు విడిపోతాయి, కొన్నే నిలుస్తాయి. టీవీ తెర మీద పరమాణువుల చుక్క కాస్త మసకబారితే కలిశాయని గుర్తు. పోయిన వారం ఆ మసక చూసి ఏడ్చాను. ముందు నీకే చెప్పాలనిపించింది.

మరునాడే అక్క ఉత్తరం వచ్చింది. మగ్గం మీద పోగు తెగితే చేత్తో తడిమి వెతుకుతున్నావని రాసింది.

డాక్టరు వెలుగు మా వెలుగు కాదు. అది కాలుస్తుంది, నీ దగ్గర దాచను. షుగర్ వల్ల కంటి వెనక పాడైన చోట చుక్కచుక్కగా, చూసి చూసి కాలుస్తారు. ఇక్కడి కంటి డాక్టరును నేనే వెళ్లి అడిగాను. పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు, ఉన్నది నిలపడానికేనన్నాడు. ఆలస్యం వద్దన్నాడు.

నా మాట విని లేచి వచ్చావు. నా మాట మీదే మళ్లీ వెళ్లి ఆ కుర్చీలో కూర్చో. అక్క తోడు వస్తుంది.

నానమ్మకు దండాలు. నాయనా, అమ్మా, మీ ఇద్దరి చేతులు నా తల మీద ఉన్నాయనే అనుకుంటాను. ఈ ఉత్తరం అక్క చదివి వినిపిస్తుందని తెలుసు. జవాబు మాత్రం నాయనా, నువ్వే రాయి. గీతలు వంకరపోయినా సరే.

మీ చిన్నబిడ్డ
పద్మ