తమ్ముడు ఎంచిన పంపు

తమ్ముడూ,

నువ్వు కొనిచ్చిన పాలు తీసే పంపును ఈ పెట్టెలోనే తిప్పి పంపిస్తున్నాను. అలగకు. అక్క మళ్ళీ ఉద్యోగంలో చేరుతోందని దుకాణాలన్నీ తిరిగావు, కాదనను. కానీ బకెట్లో నీళ్ళు పోసి పరీక్షించి మరీ ఎంచానని గొప్పగా చెప్పావే, అప్పుడే నాకు అనుమానం వచ్చింది. రోజూ బోరు మోటార్లు బాగుచేసేవాడివి, ఎంత గట్టిగా లాగితే అంత మంచిదనుకున్నావు. నేను బోరుబావిని కానురా నాయనా!

ఆఫీసులో పాత ఫైళ్ళ గదిలో తలుపేసుకుని ఆన్ చేశాను. బల్ల మీద పెన్నులు దొర్లిపోయాయి. మా మేనేజరమ్మ ఏసీ పాడైందనుకుని ఎలక్ట్రీషియన్‌ను పిలిపించింది. ఆయన తలుపు తడుతుంటే నేను లోపల ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. ఇంత గొడవ చేసి అది లాగిన పాలు సీసా అడుగు తడిపేంతే. నొప్పికి మాత్రం లోటు లేదు. నాకు పాలు తగ్గిపోయాయేమో, పాపకు ఇక డబ్బా పాలే గతేమో అని ఏడుపొచ్చేసింది.

విసుగొచ్చి దాన్ని కట్టేశానో లేదో, మీ బావ ఫోన్ చేశారు. "నీ కూతురు ఇల్లు పీకి పందిరేస్తోంది, ఎప్పుడొస్తావ్?" అన్నారు. వెనకాల నీ మేనకోడలి ఏడుపు. అంతే, ఏ పంపూ పెట్టకుండానే నా జాకెట్ తడిసిపోయింది.

కాబట్టి చప్పుడు చేయకుండా చేత్తో నొక్కుకునేది ఒకటి చూడు. మోటారు అక్కర్లేదు, అది మా ఇంట్లోనే ఉంది. ఇదిగో, ఉయ్యాల్లో కదులుతోంది. స్టార్టయ్యేలోపు ఉంటాను.

మీ అక్క