మెట్ల కింద మందం తీగ

నెరిస్,

మార్చి తొమ్మిదిన గొర్రె మాంసం సగం ఉడికాక ఫ్యూజు ఎగిరి ఓవెన్ ఆగిపోతే మనం రొట్టె, చీజ్ తిని పడుకున్నాం. మర్నాడు ఫ్యూజులో మూడింతల మందం తీగ చుట్టింది నేనే. మళ్లీ ఎగిరిపోకూడదనుకున్నాను.

ఇవాళ కరెంటు తనిఖీకి ఎలక్ట్రీషియన్ గ్లిన్ వచ్చాడు. మెట్ల కింది మన ఫ్యూజు బోర్డు పాతది కావడం మూడో రకం లోపమట, మారిస్తే మేలు, అంతే. నా మందం తీగ కరగకుండా వేడెక్కి దాని వెనక చెక్క నల్లగా మాడడం మాత్రం మొదటి రకం, అంటే ప్రమాదం ఇప్పటికే ఉన్నట్టు. మంట అంటుకోలేదు, అదే చాలు. వంటింటి లైను తీసేశాడు. రేపు కొత్త బోర్డు పెడతాడు. అందాకా ఓవెన్, కెటిల్ ముట్టుకోకు. ఫ్లాస్కులో టీ పోసి ఉంచాను. చర్చిలో పాటల సాధనకు వెళ్తున్నాను.

నాన్న

తా.క. "ఈ తీగ చుట్టిన మహానుభావులెవరు మాస్టారూ?" అని గ్లిన్ అడిగాడు. "మా ఆవిడ," అనేశాను. మీ అమ్మ ఏనాడూ తప్పు తీగ వేయలేదు. "ఆవిడ పోయి మూడేళ్లయింది కదండీ. తీగ ఇంకా కొత్తగా మెరుస్తోంది," అన్నాడు. మెట్ల కింది తలుపు చప్పుడు కాకుండా మూసి, రేపొస్తానని వెళ్లాడు.